గుండ్లవాగు మీద కుళ్లుతో మూడు రోజులు

మనిషి మీద కుళ్లు పుడితే వాడికి పెళ్లి చేసి కసి తీర్చుకోవచ్చు. ఊరి మీద పుడితే బస్సెక్కి పోయి చూసి రావడం తప్ప దారి లేదు. నేను పోయొచ్చాను. చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. చూసినవాళ్లు ఈపాటికే కుళ్లుకుని ఉంటారు, వాళ్లకు అక్కర్లేదు.

మాది శావల్యాపురం పక్కన ఒక చిన్న ఊరు. మాకో వాగుంది. రెండేళ్ల కిందట దాని వంతెన మీద ట్యాంకరు బోల్తా పడింది. ఫ్యాక్టరీ బాయిలర్లలో మండించే నల్ల నూనె, తారు చెల్లెలు లాంటిది, వాగంతా పారింది. అదే వానాకాలంలో, గురజాల దాటి మాచర్ల పోయే దోవలో, గుండ్లవాగులో కూడా ఒక ట్యాంకరు పడింది. అందులో ఉన్నది డీజిలు. వాళ్లకు డీజిలు, మాకు తారు. బోల్తా పడటానిక్కూడా నుదుటన రాసిపెట్టి ఉండాలి.

ఇప్పుడు వాళ్ల వాగులో చేపలున్నాయట. మా వాగులో ఏముందయ్యా అంటే, సున్నం ఉంది. ఆ సంగతి చెప్పకపోతే మా ఊరి గొప్పతనం మీకు అర్థం కాదు. ట్యాంకరు పడ్డ కొన్నాళ్లకు టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి లేచి, "చేపల చెరువుల్లో సున్నం చల్లుతారా లేదా?" అన్నాడు. చల్లుతారు. "మరి మనది చేపలుండే వాగా కాదా?" అవును. తర్కంలో ఎక్కడా చిల్లు లేదు. పిడుగురాళ్ల నుంచి ట్రాక్టర్ల మీద సున్నం తెచ్చి వాగులో దించారు. నూనెకు తట్టుకుని బతికిన నాలుగు చేపలూ సున్నానికి వెల్లకిలా తేలాయి. నూనె మాత్రం అడుగున పడుకుంది. దానిమీద సున్నం దుప్పటిలా గట్టిపడింది. ఆ ఏడు ఊళ్లో ఇళ్లకంటే ముందు వాగుకే వెల్ల పడింది.

ఊరంతా తర్వాత్తర్వాత దీన్ని తలుచుకుని నవ్వుకుంది. నవ్వనివాడు ఒక్కడు, అంకారావు. ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. వాళ్ల తాత, నాన్న, ఆ తర్వాత వాడు, అందరూ మా వాగు మడుగులో వలేసే బతికారు. ఇప్పుడు వాడు నరసరావుపేట పక్కన కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు మోస్తున్నాడు. సాయంత్రం వాడు ఇంటికొస్తున్నాడంటే వీధిలో ఎవరూ చెప్పక్కర్లేదు, వరసగా తుమ్ములు వినపడతాయి.

వాడికి గుండ్లవాగు ఊరి నుంచి కబురొచ్చింది. వాడి వదిన పుట్టిల్లు అటువైపే. ఆ ఊళ్లో వలేసే కుటుంబం ట్యాంకరు పడ్డాక హైదరాబాదు పోయి అక్కడే ఉండిపోయింది. చేపలు తిరిగొచ్చాయి, పట్టేవాడు లేడు. "వచ్చి వలేసి చూడు, బాగుంటే ఉండిపో, ఇల్లు మేం చూపిస్తాం" అన్నారట.

"నేనూ వస్తా," అన్నాను.

"నువ్వెందుకురా?"

"వాళ్లు వాగు ఎట్టా బాగుచేసుకున్నారో నేర్చుకుని మనూరికి చెబుదామని."

అబద్ధం. నేను పోయింది వాణ్ని వెనక్కి తెచ్చుకోడానికి. దేవుడు ఆ ఊరికి డీజిలిచ్చాడు, చేపలిచ్చాడు, ఇప్పుడు మావాణ్ని కూడా ఇస్తే మాకు మిగిలేది సున్నం.

పేట బస్టాండులో వల

దసరా అయిన మర్నాడు బయల్దేరాం. అంకా తన వలని యూరియా సంచిలో కుక్కి, సంచిని పెళ్లికూతుర్ని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. నరసరావుపేట బస్టాండు బయట ఇడ్లీ బండి దగ్గర ఆగాం. ప్లేటు నలభై. చట్నీలో కొబ్బరి ఉందని బండాయన అన్నాడు. మేం వెతికాం.

"సంచిలో ఏంది అబ్బాయ్, అంత పదిలంగా?" అన్నాడాయన.

"వల."

"వలా? ఇక్కడ యాడున్నయ్యయ్యా చేపలు?"

"గుండ్లవాగులో."

"డీజిలు వాగా? అక్కడ చేపలు పడితే నూనె పోయక్కర్లా, పెనం మీదేస్తే చాలు, అవే ఏగుతయ్."

నేను నవ్వాను. జోకు బాగుందని కాదు. ఒక ఊరిని ఇంకెవరైనా దెప్పితే మన కడుపు చల్లబడుతుంది కదా, అందుకు. నిజానికి ఆ పూట నాకు దక్కిన చట్నీ అదే. అంకా నవ్వలేదు. సంచి మూతి మళ్లీ గట్టిగా కట్టాడు.

పిడుగురాళ్ల టీ

పిడుగురాళ్లలో చెట్లు, గోడలు, లారీలు, మనుషుల కనుబొమలు అన్నీ ఒకే రంగు. కాకి కూడా కొంగలా ఉంటుంది. సున్నపు బట్టీల వైపు చూడకుండా టీ తాగుదామనుకున్నాను గానీ గ్లాసులో కూడా కొంచెం తేలింది. మా ఊరి వాగుకి ఇక్కడి నుంచే కదా కట్నకానుకలు పోయింది.

బల్లమీద మా పక్కన భుజాన తువ్వాలు వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. ట్యాంకరు డ్రైవరు. వల సంగతి, వాగు సంగతి విని, తనూ ఒకసారి బోల్తా పడ్డానన్నాడు. వినుకొండ అవతల.

"గేదె అడ్డమొచ్చింది. తిప్పా. పడ్డా. క్యాబిన్లోంచి పాక్కుంటా బయటికొచ్చేసరికి ఒకాయన పరిగెత్తుకుంటా ఎదురొస్తున్నాడు. సాయానికనుకున్నా. 'మూత యాడుందన్నా?' అన్నాడు."

"దెబ్బలేమన్నా తగిలినయ్యా అని ఎవరూ అడగలేదా?" అన్నాను.

"ఒకామె అడిగింది. బిందెతో మంచినీళ్లిచ్చింది. నేను తాగిందాకా ఆగి, మిగిలినయ్ పారబోసి, ఆ బిందెలోనే పట్టుకుంది."

నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అంకా అడిగాడు: "అక్కడ కింద వాగుందా?"

"ఉండె."

"ఇప్పుడెట్టా ఉంది?"

ఆయన గ్లాసులో అడుగు చూసుకున్నాడు. "నేను మళ్లీ ఆ దోవన పోలా అబ్బాయ్."

మా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. బాధతోనో, చిల్లర లేకో తెలీదు. మనం మాత్రం బాధతోనే అనుకుందాం. టీ పదిహేను కదా.

గురజాల దాటాక

గురజాల దాటిన కాడ్నుంచి నేల మారిపోతుంది. కంచెలకు కంప ఉండదు, నాపరాళ్లు నిలువునా పాతేస్తారు. పశువుల దొడ్డికి, కూరపాదుకి, చివరికి ఒకచోట పెంటకుప్పకి కూడా రాతి ప్రహరీ ఉంది. మా వైపు పెంటకుప్పకి గోడ కడితే ఎవరిదో వాటా తేలలేదని అర్థం.

మేం దిగింది ఆదెమ్మ పెద్దమ్మ ఇంట్లో. యాభై దాటిన మనిషి, మిరప, పత్తి వేస్తుంది. కబురు పెట్టించింది ఆవిడే. మమ్మల్ని చూడగానే అడిగింది:

"ఇద్దర్లో చేపలోడు ఎవరు?"

"నేను పెద్దమ్మా," అన్నాడు అంకా.

"మరి ఈ అబ్బాయి?"

"నేను ఊరికే," అన్నాను.

"ఊరికే వచ్చినోళ్లకి కూడా అన్నం పెడతాంలే, కూచో."

అన్నంలో ఎర్రగా ఏదో వేసింది. పచ్చడనుకుని ముద్ద కలిపాను. వెల్లుల్లి కారం. మా వైపు చుట్టానికి ముందు నెయ్యి వేసి తర్వాత కారం చూపిస్తాం. ఇక్కడ కారమే ముందు, తిన్న మనిషి కూర్చుని ఉంటే అప్పుడు నెయ్యి. నేను కూర్చునే ఉన్నాను, కాకపోతే ఏడుస్తూ.

"ఏందే ఈ పిల్లోడు, ఇల్లు గుర్తొచ్చిందా?" అని ఇంట్లో ఆడమనిషెవరో లోపల్నుంచి అడిగింది.

చీకటి పడేవేళకి వాగు వైపు నుంచి కప్పలు మొదలెట్టాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఎలక్షను మైకుల్లా. మా వాగులో కప్ప అరిచి రెండేళ్లయింది. చప్పుడు మీద కుళ్లుకోవడం నాకదే మొదలు. తువ్వాలు చెవులకు చుట్టుకుని పడుకున్నాను. అంకా మాత్రం అరుగు మీద కూర్చుని, చేతులు మోకాళ్లకు చుట్టి, వింటూనే ఉన్నాడు. వాడి మొహం చూస్తే నాకు భయమేసింది. టిఫిను బండాయన వేసిన డీజిలు జోకు గుర్తు చేశాను. "పడుకోరా," అన్నాడు.

పరుపుతో బాగుపడిన వాగు

రెండో రోజు పొద్దున్నే వాగు చూపించడానికి నాగుల్ మీరా వచ్చాడు. దూదేకులాయన, పరుపులూ దిండ్లూ కుడతాడు. స్పాంజి పరుపులొచ్చాక పని తగ్గింది గానీ మాట తగ్గలేదు. ఆదెమ్మ పెద్దమ్మ కూడా వెంట వచ్చింది, ఆయన చెప్పేది దిద్దడానికి.

వాగు, చెప్పక తప్పదు, బాగుంది. రెండు పెద్ద గుండ్ల మధ్య సన్నగా దూరి, అవతల మడుగులా విచ్చుకుంటుంది. గట్ల వెంబడి తుంగ, జమ్ము ఒత్తుగా ఉన్నాయి. పైన కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. అసలు రంగే తెలుపు, సున్నం కాదు.

"ఎట్టా బాగుచేశారు బాబాయ్?" అని అడిగాను. ఊరు గుర్తుపెట్టుకునే ఏదో త్యాగం కథ వస్తుందని ఎదురుచూశాను.

"దొంగతనానికి దిగాం," అన్నాడు నాగుల్ మీరా గర్వంగా.

ట్యాంకరు పడిన పొద్దున ఊరంతా క్యాన్లతో వాగులో దిగిందట. ఆయన లేవడం ఆలస్యమైంది. లేచేసరికి వాడకట్టులో ఖాళీ క్యాను లేదు, బకెట్టు లేదు. ఇంట్లో మిగిలింది పాత పరుపు.

"మీ పెళ్లినాటి పరుపే కదరా," అంది పెద్దమ్మ.

"అది కాదులే పెద్దమ్మా."

"మీ ఆవిడ నాతో చెప్పి ఏడ్చింది, అదే."

ఆ పరుపుని ఆయన నీళ్లమీద పరిచాడు. పరుపు మునగలేదు. డీజిలు తాగింది, నీళ్లు తాగలేదు. గట్టుమీదకి లాగి పిండితే నేరుగా డీజిలే కారింది. "ఉతకని పత్తికి నీళ్లంటే పడదబ్బాయ్. నూనెంటే ప్రాణం. మా తాతల కాడ్నుంచి ఏకతన్నాం, నాకే అప్పటిదాకా తెలీదు. ఆశ నేర్పింది."

అది చూసి ఊరు ఊరంతా ఇళ్లకు పరిగెత్తి దిండ్లు తెచ్చింది. ఆ ఏడు వానకి తడిసి రంగు మారిన పత్తి ప్రతి ఇంట్లో మూల పడి ఉంది, షావుకారు కొననన్నాడు. పాత చీరల్లో దాన్ని కుక్కి, పొడుగు బాలీసులు కుట్టి, గుండ్ల మధ్య తాళ్లకు కట్టి అడ్డంగా వేశారు. నాగుల్ మీరాకు చాలా కాలం తర్వాత చేతినిండా పని. రోజూ లాగడం, పిండటం, మళ్లీ వేయడం. అందరి ధ్యాసా క్యాన్ల మీదే. కొన్నాళ్లకు ఎవరో తలెత్తి చూస్తే నీళ్లమీద రంగురంగుల తెట్టె కనపడలేదు.

"మేం వాగు బాగుచేశామని మాకే తెలీదు," అన్నాడు.

"ఆ పిండిన డీజిలు వీడు నాకు ఊరికే ఇచ్చాడు," అంది పెద్దమ్మ. "సగం నీళ్లు. పోస్తే నా ఆయిలింజను తాగి చచ్చింది."

"ఊరికే ఇచ్చా కదా పెద్దమ్మా!"

"ఊరికే ఇచ్చినోణ్ని ఒక్కసారి తిట్టి ఎట్టా ఊరుకుంటాంరా? అందుకే ఇప్పటిదాకా తిడతన్నా."

ఆమె ఇంజను ఒక్కటే కాదు, ఊళ్లో చాలా ఇంజన్లు పోయాయి. డీజిలు పనికిరాదని తేలాక జనం ఒక్కొక్కరే వాగు నుంచి జారుకున్నారు. పెద్దమ్మ జారుకోలేదు. "నా ఇంజను ఎట్టాగూ చచ్చింది. వాగు కూడా చస్తే రెండు చావులకి ఏడవాలి, నాకంత తీరికేదీ?" అందరి ఇళ్లముందూ నిలబడి పేరు పేరునా తిట్టి లాక్కొచ్చింది. గట్టు పక్క నల్లబడ్డ మట్టి గీకించింది. దాన్ని బంజరులో పరిచి, పేడ కలిపి, దున్ని, మళ్లీ దున్ని, జనుము చల్లించింది. జనుము మొలిస్తే మట్టి బతికినట్టట. మొలిచింది. నానిపోయిన బాలీసుల్ని ఇటుక బట్టీవాడు పట్టుకుపోయాడు. ఆఫీసర్లొచ్చి సీసాలో నీళ్లు పట్టుకుని, వెలుతురుకి పెట్టి చూసి, ఫొటో దిగి పోయారు.

చూశారా? వాళ్ల దొంగతనం కూడా వాగుకి పనికొచ్చింది. మా ఊళ్లో దొంగలు లేరా? ఉన్నారు. కానీ తారు ఎవడు దొంగిలిస్తాడు?

నేర్చుకోడానికి వచ్చానన్నాను కాబట్టి మా సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. సున్నం అనగానే నాగుల్ మీరా నిలబడలేక గుండు మీద కూలబడ్డాడు.

"సున్నమా! ఆకూ వక్కా కూడా వేశారా, వాగు నోరు పండటానికి?"

పెద్దమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. అంకా కూడా నవ్వాడు. రెండేళ్లలో ఆ సున్నం మీద వాడు నవ్వడం అదే మొదటిసారి. అదే సంగతి మీద నేను ఎన్ని జోకులు వేశాను వాడి ముందు! ఒక్కటీ పేలలేదు. వాగు ఉంటే ఉండనీ, జోకులన్నా నావి కాకుండా పోవాలా?

అంకా లుంగీ ఎగ్గట్టి మడుగులో దిగాడు. నీళ్లు దోసిట పట్టాడు, అడుగు మట్టి తీసి వేళ్లతో నలిపాడు. నేను కూడా గట్టున కాస్త తీసి వాసన చూశాను. మట్టి వాసనే. నిరాశ పడ్డాను.

"రేపు వలేస్తావుగా?" అంది పెద్దమ్మ. "మా ఊళ్లో ఒక పద్ధతుంది. వానలు తగ్గాక మొదటిసారి పట్టిన చేపలు, వలేసినోడు అందరి ముందు మొదటి ముద్ద తిని బాగుందనాలి. అప్పుడే మిగతావాళ్లం ముట్టుకుంటాం. రెండేళ్లుగా ఎవరూ ముట్టలా."

"మీరే తిని చూడొచ్చుగా?" అన్నాను.

"మేం తిని బాగుందంటే నమ్మేదెవరు? ఊరంతా ఇందులో దిగి గీకినోళ్లమే. మన బిడ్డ అందం మనమే చెప్పుకుంటే ఎట్టా?" అంకా వైపు తిరిగింది. "నువ్వు బాగుందంటే ఊరు తింటుంది. ఊరు తింటే మడుగు నీది. ఆ కొసన ఇల్లు ఖాళీగా ఉంది, పోయి చూసుకో."

ఇల్లు చూశాం. రెండు గదులు, నాపరాళ్ల అరుగు, వల ఆరేసుకోడానికి ముందు జాగా. అంకా గోడమీద ఒక మేకు చూసి దాన్ని వేలితో కదిపాడు. గట్టిగా ఉంది. వల తగిలించుకునే మేకు. నాకు అన్నిటికంటే ఆ మేకు మీద కోపమొచ్చింది.

మొదటి ముద్ద

మూడో రోజు పొద్దున అంకా వలేశాడు. వాడు వల విసరడం చూసి చాలా కాలమైంది. నడుం తిప్పి వదిలితే గాల్లో గుండ్రంగా పరుచుకుని, అంచంతా ఒక్కసారే నీళ్లను తాకింది. గట్టుమీద జనం "అబ్బా" అన్నారు. నేను ఇంకా దగ్గరగా చూద్దామని రాయి మీద అడుగేసి జర్రున జారి వాగులో పడ్డాను. జనం మళ్లీ "అబ్బా" అన్నారు. మా వాగులో పడుంటే లుంగీ తగలబెట్టాల్సి వచ్చేది. ఇక్కడ ఉతికినట్టు వచ్చింది. మునిగి లేచేటప్పుడు కూడా నాకు తోచింది అదే, చూడండి నా కుళ్లు.

వలలో పరిగెలు వెండి చిల్లరలా పడ్డాయి. కొన్ని జెల్లలు. అడుగున మెలికలు తిరుగుతూ బొమ్మిడాయిలు. బొమ్మిడాయిల్ని చూసి ముసలాళ్లు నలుగురు లాలాజలం మింగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

పెద్దమ్మ తన వాకిట్లోనే పొయ్యిలు పెట్టింది. పరిగెల వేపుడు ఒకటి, జెల్లల కూర ఒకటి, చింతపండు పోసి బొమ్మిడాయిల పులుసు ఒకటి. వాకిలి నిండిపోయింది. జనం గోడలెక్కారు. అంకా ముందు విస్తరి వేశారు. నేను మనసులో కోటప్పకొండ వైపు తిరిగి దండం పెట్టాను: స్వామీ, ఎక్కువ వద్దు, వేలెడంత డీజిలు వాసన చాలు. సాయంత్రం బస్సుకి ఇద్దరం ఎక్కాలి.

అంకా పరిగెలతో ముద్ద పెట్టుకున్నాడు. నమిలాడు. "బాగున్నయ్ పెద్దమ్మా."

వాకిలంతా గోల. నాగుల్ మీరా ఈల వేశాడు. జెల్లలు తిన్నాడు. "ఇయ్యీ బాగున్నయ్." ఇంకా గోల. అప్పుడు బొమ్మిడాయి పులుసు. ముద్ద నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి ఆగాడు.

ఆగడం అందరూ చూశారు. వాడు తల ఎత్తి నా వైపు చూశాడు. ఒకటో తరగతి నుంచీ తెలిసిన మొహం. నాకు అర్థమైంది. మిగతా ఎవరికీ ఇంకా అర్థం కాలేదు. మింగేసి బాగుందంటే చాలు. ఇల్లుంది, మడుగుంది, మిరప బస్తాలు లేని బతుకుంది. నోట్లో ముద్ద తప్ప ఇంకేం అడ్డం లేదు.

మింగాడు. మంచినీళ్లు తాగాడు.

"పెద్దమ్మా, బొమ్మిడాయి వాసనొస్తంది."

"ఏం వాసన?"

"డీజిలే. కొంచెమే. కానీ ఉంది."

నాగుల్ మీరానే ముందు తేరుకున్నాడు. "పులుసులో మెంతులు ఎక్కువైనయ్యేమో అబ్బాయ్, ఇంకోసారి చూడు."

"మెంతులు కాదు బాబాయ్."

"ఎవర్రా ఈణ్ని పిలిచింది?" అన్నారు గోడ మీద నుంచి ఒకరు. "రెండేళ్లు చాకిరీ చేశాం! యాణ్నుంచో వచ్చి మన వాగుకి వంక పెడతాడా?"

"సున్నం ఊరోడంట!" అన్నారు ఇంకొకరు. ఆ మాట అప్పటికే ఊరంతా పాకిందన్నమాట.

నిజం చెప్పాలి. నా గుండెలో సన్నాయి మేళం మోగింది. వాళ్ల వాగు కూడా ఇంకా బాగవలేదు! నేను తువ్వాలు దులుపుకుని లేవబోయాను, వల సంచి ఎక్కడ పెట్టాడా అని చూస్తూ.

ఈలోగా ఆదెమ్మ పెద్దమ్మ పద్ధతీ గిద్దతీ చూడకుండా, అంకా విస్తరిలోంచే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది.

"ఉంది," అంది. వాకిలి నోరు మూసుకుంది. "ఎందుకుంది?"

"బొమ్మిడాయి బురదలో దూరి బతికేది పెద్దమ్మా," అన్నాడు అంకా. "పైన నీళ్లు బాగైనయ్, అందుకే పరిగెలు బాగున్నయ్. మడుగు కింది మూల బురద ఇంకా బాగు కాలా. అది తియ్యాలి."

"ఎన్నాళ్లు పడుద్ది?"

"నాకేం తెల్సు? తీస్తా, పడతా, తింటా, చూడాలి."

"నువ్వుంటావా, చూడ్డానికి?"

"ఉంటా."

సన్నాయి ఆగిపోయింది.

పెద్దమ్మ చెయ్యి కడుక్కుంది. "ఆ పులుసు పారబొయ్యండి, కుక్కలు కూడా తాకకుండా. పరిగెలు వడ్డించండి." గోడ మీద తిట్టినవాళ్లు ముందు దిగారు. అంత పెద్ద గొడవ అంత త్వరగా చల్లారింది ఎవరికో బుద్ధొచ్చి కాదు, వేపుడు వాసనకి. నేను కూడా తిన్నాను. రెండోసారి పెట్టించుకున్నాను. చాలా బాగున్నాయి, దరిద్రం.

తిన్నాక అంకాని పక్కకు లాగాను. "చేపలు బాగుంటే ఉంటానన్నావు. బాలేవని నీ నోటితోనే చెప్పావు. ఇంకెందుకు ఉండటం?"

"అన్నీ బాగుంటే నేనెందుకురా? ఎవడైనా వలేస్తాడు."

"మనూళ్లో కూడా బాలేదుగా! అక్కడ కావలసినంత బాలేదు!"

వాడు నవ్వాడు. నా జోకుకి నవ్వాడు చివరికి. ఆ తర్వాత అన్నాడు: "మనూళ్లో అడుగున నూనె ఉందని చెప్తే అందరూ నా వైపు చూశార్రా, పిచ్చోణ్ని చూసినట్టు. ఇక్కడ చెప్తే వాగు వైపు చూశారు."

"మేకు జాగ్రత్త, తుప్పు పట్టింది," అన్నాను.

"పట్టలేదు. చూశా," అన్నాడు.

తిరుగు బస్సు

బస్సు దగ్గరికి నాగుల్ మీరా కూడా వచ్చాడు. మా వాగుకి వైద్యం అడిగాను, ఈసారి నిజంగానే. "మీ తారుకి దూది చాలదబ్బాయ్. గీకాలి. ముందు సున్నం, తర్వాత తారు. కబురు పెట్టు, వస్తా. అంకాని కూడా తీసుకొస్తా, చుట్టం చూపుగా," అన్నాడు. చుట్టం చూపుగా! మావాణ్ని మా ఊరికి!

బస్సు కదిలేటప్పుడు అంకా కిటికీ రేకు మీద రెండుసార్లు కొట్టాడు, లారీకి కొట్టినట్టు. బస్సు మలుపు తిరగకముందే వెనక్కి తిరిగి వాగు వైపు నడిచాడు. చీకటి పడకముందే బురద చూడాలేమో.

రెంటచింతలలో ఒక పెద్దావిడ ఎక్కింది. పక్క సీటు మీద నా సంచి ఉంది. తీస్తే కూర్చుంది. ఎక్కడ్నుంచి నాయనా అంటే చెప్పాను.

"ఆ డీజిలు ఊరా? ఆ చేపలు తినొచ్చంటావా?"

తినకూడదని చెబుదామని నోరు తెరిచాను. తీరా బయటికొచ్చింది వేరే.

"పరిగెలు తినండమ్మా, నిక్షేపంలా ఉన్నాయి. బొమ్మిడాయి మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ వలేసేవాడు బాగుందంటేనే తినండి. వాడు అబద్ధం చెప్పడు. ఊరంతా మీద పడ్డా చెప్పడు. నోట్లో పెట్టుకుని ఏ చేప ఏ బురదలో తిరిగిందో చెబుతాడు. వల విసిరితే చూడాలి మీరు." ఊపిరి తీసుకుని, కాస్త ముందుకు వంగి, అసలు సంగతి చెప్పాను. "వాడు మా ఊరివాడే."

ఆవిడ తల ఊపింది. మంచి మనిషి. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అంత మంచోడు మరి మీ ఊళ్లో ఎందుకు లేడు?"

జవాబు కోసం ఆవిడ ఓపిగ్గా ఆగింది. నరసరావుపేట ఇంకా చాలా దూరం ఉంది, కిటికీలో పత్తి చేలే పోతున్నాయి. నేను సంచి భుజానికి తగిలించుకుని లేచి, దిగబోయేవాడిలా తలుపు దగ్గర నిలబడ్డాను.